పరుపుబండ మీద పోసిన సాక

మా తమ్ముడు మోటార్‌సైకిల్‌తో పరుపుబండ ఎక్కిన వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. నేను దాన్ని ఒక్కసారే చూశాను. ఎవరైనా చూడమని ఫోన్ ముందుకు చాపితే లాక్కుని నేలకేసి కొట్టాలనిపిస్తుంది. ఒకసారి కొట్టాను కూడా. మా మేనత్త కొడుకు ఆ ఫోన్ సంగతి ఇంకా మరిచిపోలేదు.

మా ఊరు తిరుమలగిరి దాటాక వస్తుంది. ఊరి వెనక గుట్టంతా ఒకటే రాయి, నున్నగా, ఏటవాలుగా. దాన్నే పరుపుబండ అంటాం. మా బాపు గొర్రెలు ఆ పక్కనుంచే మేతకు పోతాయి కానీ దాని మీద కాలు పెట్టవు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు దగ్గరి టౌనులో కొత్త బండ్ల షోరూం తెరిచారు. మెకానిక్ పని చేసే మా తమ్ముణ్ణి పిలిచి, కొత్త మోడల్ బండిని జనం ముందర ఆ రాయి మీదికి ఎక్కించి చూపిస్తే షోరూంలో పెద్ద మెకానిక్‌గా పెట్టుకుంటామన్నారు.

"నీకేమన్న దిమాగ్ ఖరాబైందా? గాడ జారితె మాకు దక్కుతవా?" అని అరిచాను.

"మూడు దినాల సంది ఎక్కుతున్ననే అక్కా. ఒక్కపారి గూడ జారలె. వచ్చి సూడు," అన్నాడు.

వెళ్లి చూశాను. రాయి మొదట్లో బండి ఆపి, ఇంజను గట్టిగా రేజ్ చేసి, ఒక్క ఊపున వదిలేవాడు. బండి బాణంలా పైకి పోయేది. "మొదట్ల ఊపు దొర్కాలె. అది దొర్కితె మీదిదాక అదే తీస్కపోతది. నడుమల ఆగితె మాత్రం ఖతం," అని నవ్వుతూ చెప్పాడు. ఆ మాట నేను విన్నాను. విని కూడా మరిచిపోయాను.

ఆ రోజు పొద్దున ఊరు ఊరంతా గుట్ట కింద ఉంది. మైకు, డప్పులు, రంగు జెండాలు. అమ్మ రానంది. చెంబెడు నీళ్లలో పసుపు కలిపి, వేపరెమ్మ వేసి నా చేతికిచ్చి, "సాక పోసి తోలియ్యు బిడ్డా, చల్లగ పోయి చల్లగ వస్తడు," అంది. కొత్త బండి తెచ్చినా, దూరం పోతున్నా మా ఇళ్లలో అలా నీళ్లు వారబోయందే కదలనివ్వరు.

తమ్ముడు బండి మీద కూర్చుని ఉన్నాడు. ముందు చక్రం దగ్గర పోశాను. చాలదనిపించింది. వెనక చక్రం మీద కూడా పోశాను. నాకెంత భయం ఉందో అంత పోశాను, చెంబులో చుక్క మిగల్లేదు. వాడు కిందికి, ఆ నీళ్ల వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. ఏదో అనబోయి ఊరుకుని, హెల్మెట్ అద్దం దించుకున్నాడు.

బండి వదలగానే వెనక చక్రం తడిరాయి మీద గిర్రున తిరిగింది. బండి పాములా మెలికలు పోయింది. జనానికి అది కూడా ఫీటే అనిపించి ఈలలు వేశారు. ఎలాగో నిలదొక్కుకుని పైకి పోయాడు కానీ ఊపు లేదు. సగంలో ఇంజను ఆగిపోయింది. ఒక్క క్షణం బండీ వాడూ అక్కడే నిలబడ్డారు. తర్వాత వెనక్కి జారారు. వాడి మీద బండి దొర్లుతుంటే కూడా ఎవరో ఈల వేశారు. మైకు పట్టుకున్నాయన "చప్పట్లు, చప్పట్లు" అంటూనే ఉన్నాడు. బాపు "కొడుకా" అని పెట్టిన కేకకు గానీ ఆ మైకు ఆగలేదు. మేం పరుగెత్తాం. మా చుట్టూ చేతులెత్తి పట్టిన ఫోన్లే. ఆ ఫోన్లు పక్కన పెట్టి ఒక చెయ్యి వెయ్యండిరా అని ఏడ్చాను.

నల్గొండ దవాఖానలో వాడి తుంటికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. షోరూం వాళ్లు ఒకసారి పండ్లు పట్టుకొచ్చారు, మళ్లీ కనబడలేదు. చుట్టాలు దిష్టి తగిలిందన్నారు, బండి మంచిది కాదన్నారు. వీడియోలో చెంబు పట్టుకున్న నన్ను చూసి ఒకావిడ, "నువ్వు సాక పోసినవు గావట్టే పానమన్న దక్కింది బిడ్డా," అని నా చేతులు కళ్లకద్దుకుంది. ఆ చేతులు నరికేసుకోవాలనిపించింది. మూడు రోజులు ఎక్కిన మనిషి నాలుగో రోజు ఎందుకు జారాడో నాకు తెలుసు. అమ్మకు చెప్పలేను, చెంబు ఇచ్చింది తనే. తమ్ముడికి చెప్పే ధైర్యం లేదు. వాడు నొప్పికి మూలుగుతుంటే బయటికెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

ఏడాదిన్నర తర్వాత, కుంటుకుంటూనే, వాడు మళ్లీ మెకానిక్ షాపుకు బయలుదేరాడు. వాకిట్లో తన పాత బండి ఎక్కాడు. అమ్మ పసుపునీళ్ల చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

వాడు నా వైపు చూశాడు. అమ్మ లోపలికి పోయేదాకా ఆగాడు.

"సాక పొయ్యి అక్కా," అన్నాడు మెల్లగా. "గని గీసారి జర పక్కకు పొయ్యి."