ఆరు ముద్దమందారాలు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను హనుమకొండకు ఉద్యాన అధికారిగా వేశారు. అంతకుముందు సర్వీసంతా మిరప, బెండ తోటల గట్ల మీదే గడిచింది. కుండీ మొక్కల గురించి నాకు తెలిసింది తక్కువ, తెలుసనుకున్నది ఎక్కువ.

నర్సరీ లైసెన్సు పొడిగించాలంటే ముందు మేం తనిఖీ చేసి నివేదిక ఇవ్వాలి. ఆ పని మీదే మరుసటి ఎండాకాలం మొదట్లో కాజీపేట రోడ్డులోని సుగుణమ్మ నర్సరీకి వెళ్లాను. భర్త పోయాక ఆమె ఒక్కతే నడుపుతోంది. ఆమెకు ఆధారం ఆరు పెద్ద కుండీల్లోని ముద్దమందార తల్లి మొక్కలు. వాటి కొమ్మలు కత్తిరించి నాటి, వేళ్లు పట్టిన పిల్ల మొక్కలను అమ్మేది. నేను కుండీని తాకగానే చిన్న దోమలు గుప్పున లేచాయి. ఆకులు పసుపు తిరుగుతున్నాయి.

బెండది, మందారానిది ఒకటే కుటుంబం. బెండ ఆకు పసుపెక్కి దోమ ఎగిరిందంటే అది తెల్లదోమ, అది తెచ్చే పల్లాకు తెగులు. ఇరవై ఏళ్లు రైతులకు నేను చెప్పిన పాఠమే ఇది. అలవాటు చొప్పున ఆకులు తిరగేసి, భూతద్దం పెట్టి చూశాను. గుడ్లు లేవు, పిల్లపురుగులు లేవు, జిగురూ లేదు. పైగా దోమలు తెల్లగా లేవు, నల్లగా ఉన్నాయి. నాకు ఏమీ పాలుపోలేదు. వేపనూనె కొట్టమన్నాను. వారం తర్వాత వెళ్తే దోమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మందు మార్చాను. జిగురు పూసిన పసుపు అట్టలు కట్టించాను. కొమ్మలకు కట్టినవి ఖాళీగా ఉన్నాయి, కుండీ అంచున గుచ్చినవి నల్లగా నిండిపోయాయి. అది చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు, తికమక ఇంకా పెరిగింది.

తెలియదని రాయడానికి నామోషీ అడ్డొచ్చింది. తల్లి మొక్కలు పీకి కాల్చేయాలని, తర్వాత పిల్ల మొక్కలనూ తీసేయాలని నివేదికలో రాశాను. ఆమె ఒక్కమాట అడిగింది.

“ఆకు కింద ఏం లేదని మీరే అంటిరి గద సారూ. మల్ల ఎందుకు పీకుడు?”

ఇది వైరస్ అని, కంటికి కనపడదని చెప్పాను. సారు చెప్పినంక ఇంకేముందని ఆమె తనే గడ్డపార తెచ్చుకుంది.

ఆరు మొక్కలూ ఓ మూల కాలుతున్నాయి. దోమలు మాత్రం అటు పోలేదు, వాటి దగ్గరికి పొగ కూడా రాలేదు. గుమ్మరించిన కుండీ మట్టి మీదే ముసురుతున్నాయి. వంగి ఆ మట్టి చేతిలోకి తీసుకున్నాను. తడిగా, పుల్లటి వాసనేస్తోంది. అందులో దారప్పోగుల్లాంటి సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయి. అది మురిగిన మట్టిలో పుట్టి వేళ్లు కొరికే దోమ. వేరు చెడితే ఆకు పసుపెక్కుతుంది. వైరసూ లేదు, నా మొహమూ లేదు.

కుండీల్లో ఏం పోస్తున్నావమ్మా అని అప్పుడు అడిగాను. మొదటి రోజు అడగాల్సిన మాట అది.

“పల్లి చెక్క నానబెట్టిన నీళ్లు సారూ. చలికాలం ట్రైనింగుల మీరే చెప్తిరి గద. పూలు మంచిగ రావాల్నని నేను రోజూ పోస్తాన.”

చెప్పింది నేనే, పల్లీల నూనె తీశాక మిగిలే ఆ చెక్క పూలమొక్కలకు మంచి ఎరువని. పదిహేను రోజులకోసారి అన్నానో, ఆ మాట మరిచానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆమె ముందు నిలబడటానికి సిగ్గేసింది. పొరపాటు నాదేనని చెప్పాను. పిల్ల మొక్కలన్నా ఉంచుకోవచ్చా అని ఆమె అడిగింది.

ఉంచుకోమన్నాను. చెక్క నీళ్లు మాన్పించి, పైమట్టి ఎండనిచ్చి, పైన వేలెడు మందం ఇసుక పోయించాను. మూడు వారాల్లో దోమ పోయింది. నివేదిక కొట్టేసి మళ్లీ రాశాను, లైసెన్సు వచ్చింది. కానీ ఆ పిల్లలు తల్లి మొక్కలంత ఎదిగేదాకా, రెండేళ్లు ఆమె ఒక్క కొమ్మా కత్తిరించలేకపోయింది.

మా తనిఖీ ఫారంలో ఆకు గురించి ఆరు గడులున్నాయి, మట్టి గురించి ఒక్కటీ లేదు. మిగిలిన సర్వీసులో ప్రతి ఫారం అంచున నేనొక గడి చేత్తో గీసుకుని, “ఏం పోస్తున్నారు?” అని రాసుకునేవాణ్ని. ఆ గడి నింపాకే ఆకు తిరగేసేవాణ్ని.