క్యారేజీలో చేప

పదో తరగతి అయిన వేసవిలో, ఇంటర్ బైపీసీలో చేరకముందే చేప మొప్పలు నా చేతులతో కోసి చూడాలనుకున్నాను. ఫోన్లో వీడియోలు చాల్లేదు. కైకలూరులో ఒక చేప కొని, స్టీలు క్యారేజీలో పెట్టుకుని, ఇంటికి రావడానికి ఏలూరు బస్సెక్కాను. దారిలో వాసన బయటపడింది.

"పూజారిగారి అమ్మాయివి, నీకెందుకమ్మా ఈ పని?" అన్నాడు మా వీధి ఆయనొకడు, బస్సంతా వినేలా.

"చదువుకోడానికండీ. కోసి తీరతాను," అన్నాను.

పక్కసీటులో ఎవరో పెద్దావిడ, ఒళ్లో గుడి ప్రసాదం డబ్బా. నా క్యారేజీ అందుకుని ఆ డబ్బా మీదే పెట్టుకున్నారు.

"ఏవండీ, పిల్ల చదువుకుంటానంటే మీకు కంపు కొట్టిందా?" అని ఆయన్ని అడిగి, నావైపు తిరిగి, "దొంగచాటుగా మాత్రం కోయకమ్మా," అన్నారు.

పెరట్లో కోద్దామనుకున్న చేపను, ఆ సాయంత్రం నాన్నగారు గుడి నుంచి వచ్చే వేళకు, వీధి అరుగు మీద కోశాను.