మా కుందేలు ఒక్కపొద్దు ఉన్న శనివారాలు

జబ్బుపడి తిండి మానేసిన మూగజీవాన్ని, భక్తితో ఉపవాసం ఉంటోందని నలుగురికీ చూపించిన మనిషిని నేను. చూపించి ఊరుకోలేదు, దాని నొసట నామం కూడా పెట్టించాను. ఉదయగిరిలో నాకు కిరాణా కొట్టు ఉంది. చింతపండు చేత్తో పట్టుకుంటే తడి ఎంతుందో చెబుతాను. మిరపకాయ తుంచి అది పాతదో కొత్తదో చెబుతాను. ఇంట్లో తిరిగే జంతువు బాధ మాత్రం మూడు వారాలు నా కంటికి ఆనలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించేవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి. నేను పట్టిన కుందేటికి నాలుగు కాళ్ళూ సరిగ్గానే ఉన్నాయి. మూడు ఉన్నది నామానికి.

దాన్ని ఆత్మకూరు బస్టాండు దగ్గర కొన్నాను. అక్కడ ఒకాయన ఇనుప గూళ్ళలో కుందేళ్ళు, సీసాల్లో రంగుచేపలు పెట్టుకుని అమ్ముతాడు. మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని మా అమ్మకు తోడుంటుందని తెల్లదాన్ని తెచ్చాను. ఏం పెట్టాలని అడిగితే బిస్కెట్లు, బొరుగులు చాలన్నాడు. గడ్డి పెడితే కడుపు ఉబ్బుతుందని కూడా చెప్పాడు. బిస్కెట్లూ బొరుగులూ నా కొట్లోనే ఉన్నాయి. నాకు అనుకూలంగా ఉన్న మాట కాబట్టి నిజమే అయ్యుంటుందనుకున్నాను.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. మా అమ్మ బొరుగుల డబ్బా కదిపితే చాలు, ఎక్కడున్నా గంతులేసుకుంటూ వచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించేది. ఆ తర్వాత మారింది. బియ్యం మూటల వెనక మూలకు చేరి ముడుచుకుని కూర్చునేది. పిలిస్తే రాదు. ఎత్తుకోబోతే నా బొటనవేలు కొరికింది. గడ్డం కింద బొచ్చు ఎప్పుడూ తడిగా, జిగటగా ఉండేది. ఎప్పుడూ ఒళ్ళు నాక్కుంటూ శుభ్రంగా ఉండేది కాస్తా ఆ పనీ మానేసింది. తిండి ఎక్కువై పొగరెక్కిందని తేల్చేశాను.

ఒక శనివారం పొద్దున బొరుగులు వాసన చూసి మొహం తిప్పుకుంది. మా అమ్మ శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది, పొద్దుగూకి దీపం పెట్టాకే నోట్లో ఏదైనా వేసుకుంటుంది. ఆ రోజు ఆమె దీపం పెట్టి అరటిపండు వొలిచి చిన్న ముక్క అందిస్తే, అది మెల్లగా చప్పరించింది. ఇక మాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. దానికి తోడు పళ్ళు కొరికేది. కళ్ళు సగం మూసి, ఒళ్ళు దగ్గరికి లాక్కుని, కిరకిరమని.

"దాన్ని కదిలించబాకరా. జపం చేసుకుంటా ఉండాది" అంది మా అమ్మ.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు, దేవుడి మీద భారం. నాకేమొచ్చింది? గిరాకీ లేని మధ్యాహ్నాలు చెప్పుకోవడానికి ఒక కథ దొరికింది, అంతే. కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పాను. జనం లోపలికి వచ్చి చూశారు, పూలు పెట్టారు, దండం పెట్టుకున్నారు. మధ్య రోజుల్లో అది నాలుగు బొరుగులు చప్పరించి వదిలేసేది. తర్వాతి శనివారం మేమే దానికి ఏమీ పెట్టలేదు, ఒక్కపొద్దు చెడుతుందని. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో శనివారం దీపం పెట్టాక కూడా అది అరటిపండు ముట్టలేదు. ఆదివారం పొద్దునా అంతే. వ్రతం పెద్దది పట్టిందన్నారు వీధిలో వాళ్ళు. ఆ పూటే కొండ కింద పల్లె నుంచి, చర్చిలో ప్రార్థన ముగించుకుని, ఒక మేకలామె సరుకులకు వచ్చింది. మా కొట్లో పాత ఖాతాదారు. ఆమెకూ చూపించాను, జపం గురించి చెప్పాను. ఆమె చివరిదాకా విని, మూటల పక్కన గొంతుక్కూర్చుని చూసింది.

"మేక ఇట్ట పళ్ళు కొరికితే మేము నొప్పి అంటామన్నా. మీ ఇండ్లల్లో జపమంటారా?"

దేవుడి సంగతులు నీకేం తెలుసని మా అమ్మ కసిరింది.

"దేవుడి సంగతి దేవుడికి తెలుసులే అవ్వా. మేకల సంగతి నాకు తెలుసు. ఇది పెంటికలేసి ఎన్నాళ్ళయింది?"

నాకు తెలియదు. మూటల వెనక వెతికితే ఆవగింజలంత చిన్నవి, ఎండిపోయినవి, ఏవో నాలుగు దొరికాయి. ఆత్మకూరులో పశువుల డాక్టరమ్మ ఉందని, ఆదివారమైనా ఇంటి దగ్గర చూస్తుందని, మధ్యాహ్నందాకా ఆగబాకమని చెప్పి, తన ఉప్పూ పప్పూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

బిస్కెట్ల అట్టపెట్టెకు బొక్కలు పొడిచి, అందులో దాన్ని పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా నా ఒళ్ళో కిరకిర వినిపిస్తూనే ఉంది. మూడు వారాలుగా వింటున్న చప్పుడే. నొప్పి అని తెలిశాక ఒక్క క్షణం కూడా వినలేకపోయాను.

డాక్టరమ్మ దాని నోరు తెరిచి లైటు వేసి నన్ను వంగి చూడమంది. వెనక పళ్ళు పక్కకు పెరిగి, తుమ్మముళ్ళలా నాలుకలోకి దిగి ఉన్నాయి. నాలుక మీద పుండు. కుందేలుకు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట, గడ్డి నమిలితేనే అరుగుతాయట. పన్ను పెరుగుతూనే ఉంటుందని వ్యాపారస్తుడికి ఒకరు చెప్పాలా? కానీ ఈ పన్ను కట్టింది నేను కాదు.

ఏం పెడుతున్నారని అడిగింది, చెప్పాను. నీళ్ళు ఎన్నిసార్లు మారుస్తారని అడిగింది. తడి తగిలితే చస్తుందని అమ్మినాయన హెచ్చరించాడు, మేము గిన్నే పెట్టలేదు, మా అమ్మ రోజూ వేసే దోసకాయ ముక్కల్లోని తడే దానికి నీళ్ళు. ఆ సంగతి నా నోటితో చెప్పాక ఆమె చేతిలో పని ఆపింది.

"మీరు తాగరా నీళ్ళు?" అంది, గొంతు పెంచకుండానే.

కుందేలు ఏడవదని, నొప్పిని దాచుకుంటుందని ఆమె చెప్పింది. మూలకు చేరడం, కరవడం, ఒళ్ళు నాక్కోకపోవడం, అదే దాని మొర. ఒక్క రోజు తినకపోతే పేగు కదలడం ఆగిపోతుంది, ఆ రోజే తీసుకురావాలి. నేను తలూపుతూ నిలబడ్డాను. తలూపడం నాకు బాగా వచ్చు. ఆమె దానికి మత్తిచ్చి పళ్ళు అరగదీసింది, నొప్పికి సూది వేసింది, గడ్డి పొడి కలిపిన జావ సిరంజితో పట్టడం నేర్పింది. రేపటికి పెంటికలు వేస్తే బతికినట్టే అంది.

ఇంటికి తెచ్చాను. మా అమ్మ దాన్ని ఒళ్ళోంచి దించలేదు. మర్నాడు పొద్దున ఆమె అరచేయి చాపి నాకు చూపించింది, ప్రసాదం చూపించినట్టు. మూడు పెంటికలు.

పదిరోజుల తర్వాత డాక్టరమ్మకు మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర కుందేళ్ళు అమ్మే అతని ముందు నిలబడ్డాను. జరిగింది చెప్పి, ఆ అబద్ధాలు ఎందుకు చెప్పావని అడిగాను.

"నీళ్ళు పెడితే ఉచ్చ పోస్తాయి సార్, గూడు కంపు కొడతాది. కంపు కొడితే ఎవురు కొంటారు? పోతే ఇంకోటి కొనుక్కుంటారు. కుందేలే గదా, దానికింత కోపమేంది?"

దాచకుండా చెప్పాడు. అందుకే ఒళ్ళు మండిపోయింది. సాటి వ్యాపారస్తుడికి చెబుతున్నట్టు చెప్పాడు, నేనూ తలూపుతాననుకున్నాడు. తిడితే దులుపుకునే రకం. కొట్టడమంటారా, ఇన్నేళ్ళలో నేను చెయ్యెత్తింది అటక మీది డబ్బాలు దించడానికే.

రోడ్డు దాటి రెండు కట్టల పచ్చగడ్డి, అరడజను ప్లాస్టిక్ గిన్నెలు, పెద్ద సీసా నీళ్ళు కొన్నాను. వచ్చి ఒక్కో గూడు తలుపూ తీసి ఒక్కో గిన్నె పెట్టి నింపాను, పక్కన గడ్డి పడేశాను. అప్పుడే ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని బేరమాడుతోంది. అతను నా చెయ్యి పట్టుకుని, చచ్చిపోతాయి సార్, చచ్చిపోతాయి అన్నాడు. కుందేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి గిన్నెల్లో మూతులు పెట్టాయి. ఆ ఇనుప గూళ్ళ నిండా తాగే చప్పుడు.

"నీళ్ళు పెట్టబాకమంటివే?" అంది ఆమె అతనితో.

అతను నా వైపు చూశాడు. నేను మా కుందేలున్న అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని అతని స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ దాని నాలుక సంగతి చెప్పాను. ఉదయగిరి బస్సులు రెండు వదిలేశాను. సాయంత్రందాకా అతను ఒక్క కుందేలును కూడా అమ్మలేదు. నేను మాత్రం గిన్నెలు మూడుసార్లు నింపాను.