గ్యాస్ అన్న డాక్టరుకి స్కాన్ ఫిల్మ్ చూపించాను

చలిజ్వరంతో, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్న మా ఆయన్ను తీసుకెళ్తే, అనకాపల్లిలో ఒక డాక్టరు పొట్ట మీద చెయ్యైనా వేయకుండా "గ్యాసే. మీ ఆవిడకి కంగారెక్కువ" అని నవ్వి పంపేశాడు. విశాఖలో సీటీ స్కాన్ తీస్తే, అపెండిక్స్ చీముపట్టి, ఆ ఇన్ఫెక్షన్ వల్ల కాలేయానికి వెళ్లే పెద్ద రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందని తేలింది. ఆయన చావు దాకా వెళ్లొచ్చారు.

ఈ రోజు ఆ ఫిల్మ్ పట్టుకుని, ఆ అనకాపల్లి డాక్టరు క్లినిక్ కిటకిటలాడే వేళ చూసుకుని మరీ వెళ్లాను.

"ఇలాంటిది చాలా అరుదమ్మా," అని ఫిల్మ్ చూసి గొణిగాడు డాక్టరు.

"అరుదే బాబూ. పొట్ట మీద సెయ్యేసి సూడ్డం కూడా అరుదేటి?" అని బయట బెంచీలకి వినబడేలా అడిగాను.

నా తర్వాత చూపించుకోవాల్సిన పెద్దాయనొకడు లోపలికొచ్చి, చొక్కా పైకెత్తి బల్ల మీద పడుకున్నాడు. "ముందు నాది నొక్కి సూడండి," అన్నాడు.

డాక్టరు లేచొచ్చి నొక్కాడు. నాకెంత హాయిగా ఉందో! తప్పంటారా?