పండు కోసం ఉపవాస ప్రార్థన

పోయిన ఆదివారం నుంచీ నేను గుళ్ళోకి, అదే మా చర్చిలోకి, అడుగుపెడితే చాలు, ఆడవాళ్ళ వరసల్లో కొంగులు నోటికి అడ్డం వెళ్తున్నాయి. గట్టిగా మాట్లాడిన మనిషిని కాదు, ఒకరి జోలికి వెళ్ళే మనిషిని అంతకన్నా కాదు. అలాంటి నేను మా స్త్రీల సమాజం మొత్తాన్ని పస్తు పెట్టాను! వాళ్ళలో ఇద్దర్ని రైలు కూడా ఎక్కించాను! ఎందుకో చెప్తాను, ఆ టీ తాగుతూ వినండి.

మాది రేపల్లె. చుట్టాల్లో ఎవరికి ఏ వరస కావాలన్నా నాకే ఫోన్. "పిన్నీ, మా తాతయ్యకి బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారెవరు?" అని తెనాలి నుంచి ఒకళ్ళు. "అత్తా, ఈ పెళ్ళికొడుకు మనకేమవుతాడు?" అని బాపట్ల నుంచి ఇంకొకళ్ళు. సుగుణమ్మ చెప్పిందంటే అది ఖాయం అంటారు. ఆ పేరే నా కొంప ముంచింది.

పెళ్ళికి ముందు వారపత్రిక వస్తే సీరియల్ కోసం మా అన్నయ్యతో జుట్టూ జుట్టూ పట్టుకునేదాన్ని. తర్వాత సంసారం. చదవడమంటే బైబిలు, ధ్యానాల పుస్తకం, మందు సీసా మీద అక్షరాలు. సరదాకి చదవడం అనేది ఒకటుందని మర్చేపోయాను.

బాపట్లలో చదువుకుంటున్న మా మేనకోడలు షారోన్ సెలవులకొచ్చి ఒక పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. "అత్తా, ఎప్పుడూ నువ్వే అందరి కథలూ చెప్తావు. ఈసారి ఒకరి కథ నువ్వు చదువు" అంది. చూస్తే అట్ట మీద టీవీలో డాన్స్ షో జడ్జి! రెండు చెవులకీ పోగులు పెట్టుకుని, నెమలీకల కోటు వేసుకుని కూర్చుంటాడే, హీరోయిన్లకి బట్టలు కుట్టే ఆయన. తన జీవితం తనే రాసుకున్నాడట.

"ముందే చెప్తున్నా అత్తా, ఆయన గే. నీకు ఇబ్బందైతే వద్దు."

"అంటే?"

"అంటే ఆయన మగవాళ్ళనే ప్రేమిస్తాడు. ఆడవాళ్ళని కాదు."

నేను అట్ట మీద బొమ్మని ఇంకోసారి చూశాను. "వాళ్ళమ్మకి తెలుసా?" అన్నాను.

"అదే అత్తా పుస్తకం!" అంది.

ఇహ చూడండి! మధ్యాహ్నం అన్నాలవగానే కళ్ళజోడు పెట్టుకుంటే సాయంత్రం వరకూ తల ఎత్తితే ఒట్టు. ఆయన పుట్టింది తెనాలిలోనే. ఇంట్లో అమ్మ పిలిచే పేరు పండు. అమ్మకి కుట్టుమిషను ఉంది. ఈ పండు చిన్నప్పుడు దోమతెరని గౌనులా చుట్టుకుని అద్దం ముందు హీరోయిన్ డాన్సులు చేసేవాడట. పెద్దయ్యాక హైదరాబాద్‌లో ఒక పుట్టినరోజు పార్టీకి తన ఫ్రెండ్స్ అందరూ, మీసాలున్న మగవాళ్ళే, పాత సినిమాల హీరోయిన్లలా తయారై వచ్చారట. పిన్నీసులు చాలక ఒకళ్ళ చీర ఒకళ్ళు పట్టుకుని ఫొటో దిగారట! అది చదివి ఒక్కదాన్నే పకపకా నవ్వుతుంటే మా ఆయన స్నానం మధ్యలో తువ్వాలుతో పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు అన్నం మాడింది. ఆయన కంచంలోకి చూసి, "అన్నం కూడా పుస్తకం చదివినట్టుందే!" అన్నారు.

షారోన్ ఫోన్‌కి వీడియోలు కూడా పంపింది. రోడ్డు మీద గే వాళ్ళ ఊరేగింపట, ఏడురంగుల గొడుగులు పట్టుకుని వందలమంది, మధ్యలో మన పండు నెమలీకలతో. "ఎండన పడి తిరుగుతున్నారు, ఎవరైనా మజ్జిగ ఇచ్చారా?" అని అడిగాను. అంత దగ్గరైపోయాడు నాకు.

సగం పుస్తకంలో అసలు సంగతి వచ్చింది. పండు తల్లికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ కుట్టుమిషను మూత వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇక మాటల్లేవు. ఫోన్ చేస్తే ఎత్తదు. టీవీలో వస్తే కట్టేస్తుంది. ఏళ్ళు గడిచిపోతున్నాయి. అప్పుడే మీటింగ్ టైమైంది. పుస్తకం మూసి, ముఖం కడుక్కుని వెళ్ళాను.

మా స్త్రీల సమాజంలో ఒక పద్ధతుంది. ఒక్కొక్కరూ మనవి చెప్తారు, అంటే ఎవరికోసం ప్రార్థించాలో చెప్తారు. అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఒకావిడ మోకాళ్ళ నొప్పి చెప్పింది. ఇంకొకావిడ కొడుకు బ్యాంకు పరీక్ష చెప్పింది. నా వంతొచ్చింది. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"పండు అని... తెనాలి అబ్బాయండి. వాళ్ళమ్మ మాట్లాడటం మానేసింది. ఆ తల్లి మనసు కరగాలని ప్రార్థించండి."

ప్రమాణం చేసి చెప్తున్నా, ఆ క్షణాన వాడు పుస్తకంలో మనిషన్న ధ్యాసే లేదు! కళ్ళెమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. నేను ఏడిస్తే అందరూ ఏడ్చారు. పాస్టర్ గారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, పండు పేరెత్తి ఎంత చక్కగా ప్రార్థించారనుకున్నారు!

ఇంటికొచ్చి గేటు గడియ తీస్తుండగా తట్టింది. అయ్యో దేవుడా! సరేలే, ఒక్కరోజు ప్రార్థనే కదా, మర్చిపోతారులే అనుకున్నాను.

తెల్లారేసరికి మార్తమ్మ వదిన గోంగూర పచ్చడితో దిగింది. ఈవిడ సంబంధాలు కుదర్చడంలో దిట్ట.

"సుగుణా, రాత్రంతా ఆ పండే కళ్ళల్లో మెదిలాడే. అసలు గొడవేంటి?"

"పెళ్ళి విషయం వదినా" అన్నాను. అబద్ధం కాదుగా!

"ఎవర్నో ప్రేమించాడా?"

"అమ్మాయిల్ని చేసుకోనంటున్నాడు."

"ఓస్, అంతేనా! మంచి పిల్లని చూపిస్తే వాడే చేసుకుంటాడు. చెరుకుపల్లిలో ఒక నర్సమ్మాయి ఉంది, బంగారు బొమ్మ. ఫొటో పంపనా?"

నేను పచ్చడి రుచి చూసి, "ఉప్పు సరిపోయింది వదినా" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం పండు కోసం ప్రత్యేకంగా ఉపవాస ప్రార్థన అని అమ్మగారు అందరికీ కబురు పెట్టారు. నేను పరిగెత్తాను.

"అమ్మగారూ, ఆ పండు ఉన్నాడు చూడండీ, అతను నిజానికి..."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏం చెప్పకండి సుగుణమ్మగారూ. సొంతవాళ్ళ బాధ చెప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు."

ఇంక నోరెలా పెగులుతుంది? నిజం చెప్తే ప్రార్థనతో ఆటలాడానంటారు. ఇంకెప్పుడైనా నేను చెప్పిన వరస నమ్ముతారా? లేని మనిషిని చుట్టాల్లో కలిపింది, రేపు ఉన్నవాళ్ళని తీసేస్తుంది అనరూ?

శుక్రవారం అందరూ పస్తున్నారు. కాఫీ లేకపోతే మంచం దిగని మార్తమ్మ వదిన కూడా! నేనూ ఉన్నాను, సగం భక్తితో, సగం భయంతో. మధ్యాహ్నం ఉపవాసం విడిచాక, హమ్మయ్య గండం గడిచింది అనుకుంటుంటే వదిన సంచీ భుజాన వేసుకుని లేచింది.

"ప్రార్థన చేసి ఇళ్ళకి పోతే ఎలా? తెనాలి రైలుకి టైముంది. ఆ తల్లి కాళ్ళు పట్టుకునైనా ఒప్పిద్దాం. కమలాపళ్ళు కూడా తెచ్చా."

"మంచి మాట" అన్నారు అమ్మగారు.

మా ముగ్గురితో రైలు కదిలింది. భట్టిప్రోలు వచ్చేసరికి వదిన అడిగింది. "దిగాక ఆటోవాడికి ఏం చెప్పాలే? ఇల్లు ఏ వీధి?"

ఇక లాభం లేదు. సంచీలోంచి పుస్తకం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. "ఇదే వదినా ఇల్లు" అన్నాను. మొత్తం చెప్పేశాను. గే అన్న మాటతో సహా.

ఇద్దరూ అట్ట వంక చూశారు. "నెమలీకల కోటాయన!" అన్నారు అమ్మగారు. వదిన కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి ఒక పొలం, ఇంకో పొలం, ఒక కాలవ వెళ్ళిపోయాయి. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది.

"దేవుడు మా నర్సుపిల్లని కాపాడాడే!"

అమ్మగారు నవ్వాపుకుని, "ఇంతకీ ఆ తల్లి మాట్లాడిందా?" అన్నారు.

"ఈ గొడవలో పడి అక్కడిదాకా ఇంకా చదవలేదండి."

"మరి చదవండి! ఆవిడ కోసం పస్తున్నాం, మధ్యలో వదిలేస్తామా?"

చదివాను. ముందు గొణుగుతూ చదివాను, తర్వాత కాస్త పైకి. ఎదురు సీట్లో పూలబుట్టావిడ, "గట్టిగా చదువమ్మా, చక్రాల మోతలో వినపడట్లా" అంది. పుట్టినరోజు పార్టీ సంగతి మళ్ళీ చదివించుకున్నారు. వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఆ పిన్నీసులేవో నన్నడిగితే ఇచ్చేదాన్నిగా!"

తెనాలి వచ్చింది, కథ అవలేదు. ప్లాట్‌ఫామ్ మీద బెంచీ ఎక్కాం. ఆఖరికి వచ్చింది ఆ చోటు. ఒకరోజు షూటింగ్ దగ్గరికి ఒక ముసలావిడ వచ్చి నిలబడిందట. పండు వాళ్ళమ్మే. అన్నేళ్ళ తర్వాత మొదటి మాట ఏమందో తెలుసా? సంచీలోంచి జాకెట్టు తీసి, "చంకలో పట్టేస్తోందిరా, కాస్త వదులు చేసిపెడతావా?" అందట. పండు అక్కడికక్కడే సూది తీసుకున్నాడట.

ముగ్గురం ఆ బెంచీ మీద కూర్చుని భోరుమన్నాం. పోర్టర్ ఎవరో వచ్చి, "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అన్నాడు. "లేదయ్యా, దొరికారు" అంది వదిన. ఆ తల్లికని తెచ్చిన కమలాలు మేమే ఒలుచుకు తిని, తిరుగు రైలెక్కాం.

మా పద్ధతిలో ఇంకొకటుంది. మనవి నెరవేరితే చెప్పినవాళ్ళే లేచి అందరి ముందూ సాక్ష్యం ఇవ్వాలి. ఆదివారం అమ్మగారు నా వంక చూశారు. లేచాను.

"దేవుడు మన మనవి విన్నాడండి. ఆ తల్లీకొడుకులు కలిశారు. మనం అడక్కముందే కలిపేశాడు. ఎంత ముందంటే... అది అచ్చయి, పుస్తకంగా కూడా వచ్చేసింది."

గుడంతా నవ్వులు చూడాలి! పాస్టర్ అయ్యగారు కూడా పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. వరసలు చెప్పమని ఫోన్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, అదొక్కటే నా అదృష్టం. పుస్తకం వదిన దగ్గరుంది, దాని కోసం తర్వాత వంతు ఎవరిదని కొట్టుకుంటున్నారు. షారోన్ నాకు ఇంకొకటి పంపింది, ఈసారి ఒక పాతకాలం నటి రాసుకుంది. పాపం, ఆవిడకి చెల్లెలితో పడట్లేదు.

మొన్న మీటింగులో నేను లేచి గొంతు సవరించుకున్నానో లేదో, అమ్మగారు చెయ్యి ఎత్తి ఆపేశారు.

"సుగుణమ్మగారూ, ముందిది చెప్పండి. మనిషా, పుస్తకమా?"

నేను మెల్లగా కూర్చున్నాను.