పోయొచ్చినావా?

ముదిగుబ్బ టైలరు తాతకు బండి నడపడం రాదు. అయినా మా బైకు రైడర్లు వేసుకునే చేతుల్లేని కోట్లన్నిటికీ ఊళ్ల పేర్లున్న గుడ్డ ప్యాచ్‌లు ఆయనే కుట్టేవాడు. బండి మీద పోయిరాని ఊరి ప్యాచ్ వేసుకోకూడదన్నది మా కట్టుబాటు. ఆ విషయంలో మా క్లబ్బు ప్రెసిడెంటుకు లేని పట్టింపు ఆయనకుండేది. సూదిలో దారం ఎక్కించి, కళ్లద్దాల పైనుంచి చూస్తూ ప్రతివాణ్ణీ అడిగేవాడు: “పోయొచ్చినావా?”

నేను లడఖ్‌కు బయలుదేరి, జ్వరమొచ్చి మనాలిలోనే వెనక్కి తిరిగినవాణ్ణి. ప్యాచ్ మాత్రం ముందే కొనిపెట్టుకున్నాను. ఆయన అడిగితే దారం రీళ్ల వైపు చూస్తూ, “పోయొచ్చినా తాతా” అన్నాను. కోటు అందుకుని కుట్టి ఇచ్చాడు.

ఆ కోటు వారం రోజులు మేకుకే వేలాడింది. జతగాళ్ల ముందు తొడుక్కోలేకపోయాను. చివరికి తీసుకుపోయి, “విప్పెయ్ తాతా, నేను ఆడిదంకా పోలేదు” అన్నాను.

తాత కత్తెర అందుకోలేదు. దారం కొస పట్టి ఒక్కసారి లాగాడు. ప్యాచ్ ఊడి చేతిలోకొచ్చింది.

“ఆ పొద్దు నా మొగం సూడకుండా చెప్పినావు కదప్పా, అందుకే కచ్చాకుట్టు ఏసినా. పోయిరాపో, గట్టిగా కుడతా.”