ఎనిమిదో ఫోటో

పోయిన నెల గుంతకల్లు బండి కోసం ఆదోని స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నాను. తోడుగా నా మనవరాలు ఉంది. దానికి ఇరవై రెండేళ్లు, ఉద్యోగం కూడా చేస్తోంది, కానీ రైలు చప్పుడు వినబడితే మాత్రం మనిషి మన దగ్గర ఉండదు. గూడ్సు బండి వస్తోందని తెలియగానే ఫోను పట్టుకుని ప్లాట్‌ఫారం కొసకు పోయి నిలబడింది. బండి పెట్టెలన్నీ దాటిపోయేదాకా కదలకుండా తీసింది. అంతలో యూనిఫాంలో ఉన్న ఒకాయన వచ్చి, ఎందుకు తీస్తున్నావని అడిగాడు. చూసుకోవడానికి తీస్తున్నానని, టికెట్టు ఉందని, పట్టాల మీదికి పోలేదని, ఎవరికీ అడ్డం రాలేదని, నలుగురూ తిరిగే చోట తీసుకునే హక్కు తనకుందని ఇది గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన పసుపు గీత దాటవద్దని చెప్పి వెళ్లిపోయాడు. ఇది తిరిగొచ్చి నా పక్కన కూలబడింది. తీసింది సరిగా వచ్చిందో లేదో ఫోనులో చూసుకోవడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతాండావవ్వా?" అంది.

"మీ తాత కూడా ఇదే మాటన్న్యాడు. మూడు నెలలు కెమెరా పోగొట్టుకున్న్యాడు" అన్నాను.

మా ఆయనది ఎమ్మిగనూరు. అక్కడ బళ్లో డ్రాయింగు అయ్యవారు. మగ్గాల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేని ఊరు. ఆ ఊరికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. రైలు లేని ఊళ్లో పుట్టినవాడికి రైలు పిచ్చి ఎట్లా పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. నాది ఆదోని. మా నాయన పత్తి మండీలో గుమాస్తా. మా ఊరు బళ్లారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్తల్లో నా పెళ్లయింది. ఇంట్లోంచి కాలు బయట పెట్టకుండానే జిల్లా మారిపోయామని మా నాయన నవ్వేవాడు. నేను మాత్రం పెట్టె సర్దుకుని, దుమ్ములో బస్సెక్కి మారాను.

పెళ్లిలో అలక పాన్పు మీద కూర్చున్న అల్లుళ్లు ఆ కాలంలో సైకిలో, చేతి గడియారమో అడిగేవాళ్లు. మా ఆయన కెమెరా అడిగారు. మా నాయన ముందు బిత్తరపోయాడు, తర్వాత మురిసిపోయాడు. బళ్లారికి మనిషిని పంపి, నల్లటి డబ్బా కెమెరా, దానిలోకి ఒక రీలు తెప్పించాడు. దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న చిన్న అద్దంలో చూస్తూ మీట నొక్కాలి. రీలుకు ఎనిమిది ఫోటోలు. ఎన్నోది నడుస్తోందో వెనకవైపు ఎర్రటి చిన్న కిటికీలో అంకె కనిపిస్తుంది. ఏడు ఫోటోలు పెళ్లింట్లోనే చుట్టాలు మింగేశారు. కిటికీలో ఎనిమిది అంకె కనిపించగానే ఆయన కెమెరాను తోలు సంచిలో పెట్టి గుండీ వేసేశారు. ఆ ఏడింటిలో నేనొక్కదాన్నే ఉన్నది ఒక్కటీ లేదు. మిగిలిన ఆ ఒక్కటి నన్ను తీయమని సిగ్గు విడిచి అడిగాను. అది ఇంజనుకని చెప్పారు. కొత్త పెళ్లికూతురిని కాదని ఇంజనుకు ఫోటో తీస్తానన్న మొగుణ్ని ఏమనాలి? రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

పెళ్లయ్యాక ప్రతి ఆదివారం మేమిద్దరం ఆదోని వచ్చేవాళ్లం. వారం వారం అత్తగారింటికి వచ్చే అల్లుడు మా వీధిలో ఇంకెవరికీ లేడు. మా అమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేసేది. మా నాయన మండీలో అందరికీ చెప్పుకునేవాడు. ఓళిగలు రెండు తిని, చెయ్యి కడుక్కుని, ఊళ్లో కాస్త పనుందని అల్లుడు బయలుదేరేవాడు. ఆ పని ఏమిటో నాకొక్కదానికే తెలుసు. ఆదోని స్టేషన్‌లో జనం ఎక్కువని, ప్యాసింజరెక్కి పక్కనున్న చిన్న స్టేషన్‌కు పోయి, అక్కడ వేపచెట్టు నీడలో కూర్చుని వచ్చే బండినీ పోయే బండినీ చూసి, సాయంత్రం ప్యాసింజరుకు తిరిగొచ్చేవారు. ఆ స్టేషను పేరు చెప్పను. అక్కడి మాస్టరుగారి మనవళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ఒక ఆదివారం ఆయన కెమెరా కూడా తీసుకుపోయారు. ఇంకో ప్యాసింజరు వచ్చి ఆగగానే ఇంజనుకు ఎదురుగా నిలబడి, తల వంచి, అద్దంలో దాన్ని సరిచూసుకుంటున్నారట. స్టేషన్ మాస్టరు పచ్చ జెండా చేతిలో పట్టుకునే వచ్చి కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టాడు. స్టేషన్‌లో, వంతెనల దగ్గర ఫోటోలు తీయరాదని యుద్ధం నాటి కాగితమొకటి ఆయన గది గోడకు అంటించి ఉంది. దాన్ని తీసేయమని ఎవరూ చెప్పలేదు గనుక అది ఇంకా అమల్లో ఉన్నట్టేనని ఆయన లెక్క. మా ఆయన జేబులోంచి ప్లాట్‌ఫారం టికెట్టు తీసి చూపించి వాదన పెట్టుకున్నారు. ఆ మాటలు ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారంటే, నేనూ అక్కడ ఉన్నాననే అనిపిస్తుంది.

"టికెట్టు కొని నిలబన్నాను సామీ. కండ్లతో చూస్తే లేని తప్పు కెమెరాతో చూస్తే యాడ నుంచి వచ్చె?" అన్నారట.

మాస్టరు కోప్పడలేదట. "కంటితో చూసింది నీతోనే పోతాది అయ్యవారూ. దీంట్లో పడింది ఉండిపోతాది. నా భయమంతా దానికే" అన్నాడట. అని, కెమెరా తీసుకుని, బీరువాలో పెట్టి, అందినట్టు ఒక కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాడు. పైనుంచి అనుమతి తెచ్చుకుంటే తిరిగి ఇస్తానన్నాడు.

ఆ మాట మా ఆయనకంటే ముందే బజారు మీదుగా మా ఇంటికి చేరింది. అల్లుణ్ని స్టేషన్‌లో పట్టుకున్నారని ఒకడు, కట్టేశారని ఒకడు. మా నాయనకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. పెళ్లిలో తానిచ్చిన కెమెరా పోవడం ఒకటి. అల్లుడు వారం వారం వచ్చేది తన కోసం కాదని తెలియడం రెండోది. మొదటిదాన్ని గురించి గట్టిగా అరిచాడు. రెండోదానికి మాత్రం మెల్లగా పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు మా నాయన ఎదుటికి పోవడానికి నాకు మొహం చెల్లలేదు. అన్నీ తెలిసీ చెప్పనిదాన్ని నేనే కదా. చివరికి మా నాయనే ఒక దారి చెప్పాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నాలుగు తిట్లు తిట్టి, అరటిపండ్లు తీసుకుని తానే పోయి ఆ మాస్టరును బతిమాలుకుంటానన్నాడు.

"తప్పు చేసింటే కాళ్లు మొక్కుతా మామా. చెయ్యంది చేసినానని ఎట్ల చెప్పేది?" అన్నారు మా ఆయన.

అంతటితో ఆదివారాలు ఆగిపోయాయి. కెమెరా తీసుకోవడానికి ఒకసారి అలిగిన అల్లుడు, అది పోయినందుకు రెండోసారి అలిగాడని మా అమ్మ అనేది. ఎమ్మిగనూరులో ఆయన హెడ్మాస్టరు చేత ఇంగ్లీషులో అర్జీ రాయించి, తన ముత్యాల్లాంటి అక్షరాలతో సాపు రాసి, రైల్వే పెద్ద ఆఫీసుకు పంపారు. టికెట్టు కొన్న మనిషి స్టేషన్‌లో నిలబడి ఇంజనును ఫోటో తీయరాదని ఏ రూలులో ఉందో తెలపవలసింది అని దాని సారాంశం. కాగితం పైభాగాన, పెద్ద దొరల కాగితాలకు ముద్ర ఉండేచోట, సిరాతో చిన్న ఇంజను బొమ్మ వేశారు. పిల్లకాయ చేష్టలని నేను తిట్టాను. ఆ బొమ్మను చూసే ఎవరో జవాబు రాశారని ఇప్పుడు అనిపిస్తోంది.

మూడు నెలలకు జవాబు వచ్చింది. అభ్యంతరం లేదు, రాకపోకలకు ఆటంకం కలగరాదు, సంబంధిత స్టేషన్ మాస్టరును అడగవలెను అని ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా! నేను నవ్వాను, ఆయనకు నవ్వు రాలేదు. ఈసారి మా నాయన తానూ వస్తానని పట్టుబట్టాడు. చేసేది లేక ముగ్గురం ప్యాసింజరెక్కాం. మా నాయన కొత్త రుమాలు చుట్టుకున్నాడు. అరటిపండ్లు కూడా తెచ్చాడు, అడిగితే దారిలో తినడానికన్నాడు.

మాస్టరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, ఫైలులో పెట్టుకున్నాడు. బీరువా తెరిచి కెమెరా తీశాడు. దాన్ని మెత్తటి పాత బట్టలో చుట్టి ఉంచాడు, సంచి మీద దుమ్ము లేదు. ఇచ్చేముందు మా ఆయనను పక్కకు పిలిచి, ఇన్నాళ్లు పట్టిపెట్టుకున్నందుకు మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఇద్దరు బిడ్డల తండ్రినని, ఆ కాగితం గోడ మీద ఉండగా కళ్లు మూసుకునే ధైర్యం తనకు లేదని చెప్పుకున్నాడు. మా ఆయన మెత్తబడ్డారు, అయినా ప్లాట్‌ఫారం టికెట్లు మాత్రం మూడు కొన్నారు.

బండి వచ్చి ఆగింది. ఆయన తన చోటుకు పోయి తల వంచారు. ఇక చూడాలి. మా వైపు కెమెరా ఉన్నచోట మనుషులు ముందుకొచ్చి నిలబడకపోతే తీసేవాణ్ని అవమానించినట్టు. మాస్టరు కోటు గుండీలు పెట్టుకుని ఇంజను ముందు నిలబడ్డాడు. క్వార్టర్సులోంచి ఆయన భార్య పట్టుచీరలో వచ్చింది. కెమెరా బీరువాలోంచి బయటికి రాగానే కట్టుకుందేమో. పట్టాలు మార్చే పాయింట్స్ మనిషి, కూలీ, టీ అమ్మే ముసలాయన వచ్చి చేరారు. డ్రైవరూ, బొగ్గు వేసే అతనూ మొహాలు తుడుచుకుని కిందికి దిగారు. మా నాయన అందరికీ నడుమన నిలబడ్డాడు. మాస్టరు భార్య నన్ను చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది. మా ఆయన తలెత్తి, కొంచెం పక్కకు జరగమని చేతితో సైగ చేశారు. దగ్గరకు జరగమన్నారనుకుని అందరం ఇంకా దగ్గరకు జరిగాం. ఇంజను పూర్తిగా మా వెనక్కి పోయింది. గార్డు విజిలు వేశాడు. ఆయన ఇంకోసారి తలెత్తి మమ్మల్నందర్నీ చూశారు. అద్దంలోకి తల వంచి మీట నొక్కారు.

ఫోటో కడిగించి తెచ్చిన రోజు ఆయన అన్నం తినలేదు. మనుషుల తలల పైన ఇంజను పొగగొట్టం కొస, కాస్త పొగ కనిపించాయి. అంతే. హక్కు గెలిచాను గానీ ఇంజను దక్కలేదన్నారు. నాకు మాత్రం లోపల సంతోషంగా ఉండింది. ఇంజను చోట నేను పడ్డాను కదా. తర్వాత రీళ్లు కొన్నారు, ఎన్నో ఇంజనులు తీశారు. అవన్నీ చెదలు తిన్నాయి.

పదేళ్ల తర్వాత ఒకనాడు మాస్టరు భార్య ఎమ్మిగనూరికి బస్సు దిగి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మాస్టరు పోయి నెలయిందట. "ఆయప్పది ఫోటో ఒక్కటీ లేదమ్మా. మీ తాన ఉండాదని వచ్చినా" అంది. మా ఆయన వెంటనే చొక్కా తగిలించుకుని, పెట్టెలోంచి రీలు తీసుకుని, ఆమె వెంటే ఆదోని పోయి, కాపీ వేయించి చేతిలో పెట్టి వచ్చారు. ఆ రోజు నుంచి ఆ ఫోటోను చెడిపోయినదని ఎప్పుడూ అనలేదు.

ఇదంతా విన్న నా మనవరాలు ఇంటికి పోగానే ఆ ఫోటోను పెట్టెలోంచి బయటికి తీయించింది. అందులో ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. తాత ఎక్కడున్నాడని అది వెతికింది. తీసినవాడు ఫోటోలో ఎట్లా ఉంటాడే అన్నాను. అది ఇంకాసేపు చూసి, అందరి చూపూ కెమెరా మీద లేదు, కొంచెం పైకి ఉంది, ఎందుకవ్వా అని అడిగింది. డబ్బాలోకి చూడాలని మాకెవరికీ తెలియదు. ఆయన తల వంచి మీట నొక్కుతుంటే, మేమంతా ఆయననే చూస్తూ నిలబడ్డాం. కంటితో చూసింది మనతోనే పోతుందని మాస్టరు అన్నాడు. నిజమే, మా ఆయన చూసిన రైళ్లన్నీ ఆయనతోనే పోయాయి. ఆ ఆదివారం నేను ఆయన్ని చూసిన చూపు మాత్రం ఇంత కాలం గడిచినా ఆ ఫోటోలో అట్లే ఉంది.